ఎంతమంది ఉంటే క్షేమం?

తిరుమల ఘాట్ రోడ్డును రాత్రి 12 గంటలకు మూసి తెల్లవారుజామున 3 గంటలకు తెరుస్తారు. ఆ మూడు గంటల్లోనూ తిరుపతిలో బస్సులు, రైళ్లు జనాన్ని దింపుతూనే ఉంటాయి. దిగినవాళ్లు కొండెక్కలేరు, వెనక్కి పోలేరు. బస్టాండులో ప్లాట్‌ఫారాల మీద, రైల్వే స్టేషను ఎదుట విష్ణునివాసం వసతిగృహం ముందర, శ్రీనివాసం వసతిగృహం చుట్టుపక్కల దుప్పటి పరుచుకుని పడుకుంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తిరుపతి నగరంలో ఉండేది 2.87 లక్షల మంది. రోజూ స్వామి దర్శనం చేసుకునేవాళ్లు మామూలు రోజుల్లోనే అరవై నుంచి ఎనభై వేలు. అంటే ఏ పూట చూసినా ఈ ఊళ్లో తిరిగేవాళ్లలో పెద్ద వాటా ఊరు తెలియనివాళ్లదే. అందులో ఒంటరిగా వచ్చినవాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువ. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన పెద్దావిడ, స్విమ్స్‌లో చూపించుకోవడానికి ఫైలు చంకన పెట్టుకొచ్చిన రోగి, పొద్దున పరీక్ష ఉందని ముందురోజు రాత్రే దిగిన కుర్రాడు, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సీటొచ్చి పెట్టె మోసుకుంటూ దిగిన అమ్మాయి.

వీళ్లకు ఇళ్లలో చెప్పి పంపే మాటలు దాదాపు అన్నిచోట్లా ఒకటే. పొద్దుండగానే చేరుకో. ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడొద్దు. ఆడవాళ్ల పెట్టెలోనే ఎక్కు. దిగంగానే ఫోన్ చెయ్యి. తరతరాలుగా చెబుతున్న మాటలు కాబట్టి వీటిని ఎవరూ పరీక్షకు పెట్టరు. ఈ ప్రాంతంలో ఈ కొన్నేళ్లలో జరిగినవాటిని, ఒంటరి మనిషి భద్రత మీద లోకంలో జరిగిన ఆలోచనను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ మాటల్లో కొన్ని నిలుస్తాయి, కొన్ని తలకిందులవుతాయి.

ఆడవాళ్ల పెట్టె సంగతి ముందు చూద్దాం. 2025 ఫిబ్రవరి 6న చిత్తూరుకు చెందిన ఒక గర్భిణి కోయంబత్తూరు–తిరుపతి ఇంటర్‌సిటీ ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్ల పెట్టెలో పుట్టింటికి బయలుదేరింది. పెట్టెలో ఉన్న మిగతా ఆడవాళ్లు జోలార్‌పేటలో దిగిపోయారు. రైలు కదిలే సమయానికి ఒక మగమనిషి ఎక్కాడు. అతని మీద అంతకుముందే ఇటువంటి కేసులున్నాయి. అతను మీదికి రావడం, ఆమె ఎదిరించడం, అతను ఆమెను నడుస్తున్న రైల్లోంచి కిందికి తోసేయడం కాట్పాడి చేరకముందే జరిగిపోయాయి. ఆమె బతికింది, కడుపులో బిడ్డ దక్కలేదు. ఆ ఏడాది జులైలో తిరుపత్తూరు కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది.

ఇక్కడ ఆమె చేసిన పొరపాటు ఒక్కటి కూడా లేదు. పెద్దలు చెప్పిన పెట్టెలోనే ఎక్కింది. అయితే ఆ పెట్టె చాలా రైళ్లలో చివర గార్డు పెట్టెను ఆనుకుని, పక్క పెట్టెల్లోకి దారి లేకుండా ఉంటుంది. జనం ఉన్నంతసేపు అది రక్షణ. ఖాళీ అయిన క్షణం నుంచి బయటికి దారిలేని గది. రైల్వే రక్షక దళం 2020 నుంచి నడుపుతున్న ‘మేరీ సహేలీ’ పథకంలో మహిళా సిబ్బంది ఒంటరి ప్రయాణికురాలి సీటు నంబరు రాసుకుని దారి పొడవునా కనుక్కుంటూ ఉంటారు. మంచి పథకమే. అయితే అది రిజర్వేషను సీటు ఆధారంగా నడిచేది. జనరల్ టికెట్టుతో రాత్రి రైలెక్కే ఆడమనిషి దాని లెక్కలోకి రాదు. అందుకే ఆడవాళ్ల పెట్టె గురించి పాత సలహాకు ఒక సవరణ కావాలి: పక్కవాళ్లంతా దిగిపోతుంటే నువ్వూ దిగు, నాలుగు కుటుంబాలున్న పెట్టె చూసుకుని ఎక్కు. రైల్లో 139కి ఫోన్ చేస్తే రైల్వే రక్షక దళానికే చేరుతుంది.

దీన్నిబట్టి నాకు తోచింది ఒకటుంది. ఒంటరి మనిషికి గండం మనుషులు మరీ తక్కువైనచోట ఒకటి, మరీ ఎక్కువైనచోట ఒకటి. ఈ రెండు కొసలకూ మధ్య, ఎవరి పని వాళ్లు చేసుకుంటూ నలుగురు ఉన్న చోటు ఉంటుంది. జాగ్రత్త అంటే ఆ చోటు ఎక్కడుందో కనిపెట్టుకుంటూ నడవడం. పొద్దుతో, బట్టలతో, బ్యాగు ఏ భుజానికి తగిలించుకున్నారన్నదానితో దానికి ఉన్న సంబంధం తక్కువ.

పొద్దు సంగతే తీసుకోండి. రాత్రి పదకొండు గంటలకు గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల నడిచి చూడండి. పూలు కట్టే ఆడవాళ్లు మోడా వేసుకుని కూర్చుని ఉంటారు, టీ కొట్టులో పాలు పొంగుతూ ఉంటాయి, లాడ్జి ముందర కుర్చీలో గుమస్తా కునుకు తీస్తుంటాడు. అదే మధ్యాహ్నం రెండు గంటలకు అలిపిరి నుంచి చెర్లోపల్లి వైపు జూపార్కు రోడ్డులో కొంత దూరం మనిషి జాడ ఉండదు. ఏది భయపడాల్సిన చోటు? జేన్ జేకబ్స్ అనే అమెరికన్ రచయిత్రి 1961లో ‘డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్’ పుస్తకంలో ఈ మాటే చెప్పింది. వీధికి కాపలా కాసేది ముందుగా పోలీసులు కాదు, ఆ వీధిలో బతుకుతెరువు ఉన్నవాళ్ల కళ్లు అని. న్యూయార్కును చూసి రాసిన ఆవిడ తిరుపతి బజారు వీధులను చూసి ఉంటే ఇంకో అధ్యాయం రాసేది. పూలమ్మే ఆమెకు ఆ వీధిలో రోజూ వచ్చేవాడెవడో, ఊరికే తచ్చాడేవాడెవడో ఏ కెమెరాకూ తెలియనంత బాగా తెలుసు. దారి తప్పిన పిల్ల ఆమె పక్కన పోయి నిలబడితే చాలు, “ఏం పాపా, ఏడికి పోవాల? ఎవురితో వచ్చినావు?” అని అడుగుతుంది. ఆ ప్రశ్న పక్కనున్న వాడికి కూడా వినబడుతుంది. అదే దాని బలం.

చిత్తూరు లెక్క వేరు. బెంగళూరు, చెన్నై, వేలూరు దారులన్నీ కలిసే ఊరు కాబట్టి రాత్రి పొద్దుపోయినా బస్సులు ఆగుతాయి. వేలూరు సీఎంసీలో చూపించుకుని తిరిగొచ్చే పల్లెటూరి రోగులు పెద్ద కవరులో ఎక్స్‌రేలు పట్టుకుని దిగుతారు. ఊరు మాత్రం అప్పటికే షట్టర్లు దించేసి ఉంటుంది. తిరుపతిలో రాత్రి పన్నెండుకు బస్సు దిగినవాడు జనంలోకి దిగుతాడు, చిత్తూరులో దిగినవాడు ఖాళీలోకి దిగుతాడు. అందుకని ఒకే సలహా రెండు ఊళ్లకూ పనిచేయదు. చిత్తూరులో అయితే బస్టాండు దాటి బయటికి రాకముందే, లోపలే, ఇంటివాళ్లు వచ్చేదాకా కంట్రోలరు గది ఎదుట కూర్చోవడం మేలు.

ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడొద్దన్న సలహా దగ్గరికి వస్తే, తిరుపతిలో అది నెరవేరే మాటే కాదు. ఇక్కడ బస్సు మెట్టు దిగకముందే నలుగురు మాట్లాడిస్తారు. పైగా జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే లెక్కల్లో, దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితురాలు ఎరిగినవాళ్లే: చుట్టాలు, పక్కింటివాళ్లు, స్నేహితులు, పనిచేయించుకునేవాళ్లు. ఆ అంకె ప్రతి ఏడూ దాదాపు అలాగే ఉంటుంది, దాన్ని చూసి ఇంటి జాగ్రత్తల గురించి మాట్లాడేవాళ్లు మాత్రం పెరగరు. వీధిని చూపించి భయపెట్టడం సులువు. బాబాయిని చూపించి చెప్పడం కష్టం.

వీధిలో కొత్తవాళ్ల వల్ల గండం లేదని కాదు. ఎవరితో మాట్లాడాలన్నది మనం ఎంచుకుంటున్నామా, వాళ్లు మనల్ని ఎంచుకుంటున్నారా అన్నదే చూడాల్సింది. గావిన్ డి బెకర్ అనే అమెరికన్ భద్రతా నిపుణుడు 1997లో ‘ది గిఫ్ట్ ఆఫ్ ఫియర్’ అనే పుస్తకం రాశాడు. సాయం కావాల్సివస్తే మనమే ఒకరిని ఎంచుకుని అడగడం మంచిది, అడగకుండా వచ్చినవాణ్ణే అనుమానించాలి అంటాడు. అలా వచ్చేవాళ్ల మాటతీరులో కనిపించే గుర్తులు కొన్ని చెప్పాడు. అవి చదువుతుంటే నాకు మన బస్టాండు దళారీ ఎదుట నిలబడి మాట్లాడినట్టే ఉంది.

“సామీ, దర్శనానికా? ఆన్‌లైన్‌లో మూడు నెల్లకీ అయిపోయినాయి. మనకు తెలిసినాయన ఒకాయన ఉండాడు. మీరూ మా చిత్తూరోళ్ల మాదిరే ఉండారు కాబట్టి చెప్తా ఉండా. నాకు రూపాయి వద్దు సామీ, స్వామి మీద ఒట్టు. ముందు ఈ టీ తాగండి.”

ఆరు వాక్యాల్లో మొత్తం పాఠం ఉంది. ‘మనకు’ అంటూ లేని బంధాన్ని కలుపుకున్నాడు. అడగకుండానే ఒట్టు వేశాడు. టీ తాగించి చిన్న రుణం మెడకు వేశాడు. వద్దు అంటే వినకుండా ఇంకో మాట అందుకుంటాడు. డి బెకర్ లెక్కలో అన్నిటికంటే పెద్ద ప్రమాద సూచన ఇదే, ‘వద్దు’ అన్న మాటను లెక్కచేయకపోవడం. దర్శనం టికెట్టు దళారీ పోగొట్టేది మన డబ్బే కావచ్చు. గది చూపిస్తానని, ఆటోలో దింపుతానని, తాళం బాగుచేయిస్తానని వచ్చేవాడిదీ ఇదే భాష. 2019 నవంబరు 27 రాత్రి హైదరాబాదు శివార్లలో శంషాబాద్ దగ్గర టోల్‌ప్లాజా పక్కన, అత్యాచారానికీ హత్యకూ గురైన పశువైద్యురాలి స్కూటరు టైరులో గాలి తీసినవాళ్లే పంక్చరు వేయిస్తామని సాయానికి వచ్చారు.

ఇక్కడ కొండ మీద దేవుణ్ణి చూడటానికి అసలు దళారీ అవసరమే లేదన్న విషయం కొత్తవాళ్లకు ఎవరూ గట్టిగా చెప్పరు. సర్వదర్శనం స్లాటు టోకెన్లు విష్ణునివాసంలో, శ్రీనివాసంలో, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సులో ఉచితంగా ఇస్తారు; ఆధార్ కార్డు ఉంటే చాలు. మూడు వందల రూపాయల టికెట్టు తిరుమల తిరుపతి దేవస్థానం వెబ్‌సైట్‌లో, యాప్‌లో తప్ప ఇంకెక్కడా అమ్మరు. ఆ వెబ్‌సైటును పోలిన నకిలీలు కూడా ఉన్నాయి. వాటిలో డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు దారిలోనే ఆగే అవకాశం అంత ఎక్కువ.

మగవాళ్ల సంగతి ఈ విషయంలో ఎవరూ ఎత్తరు. బ్యాంకు నుంచి డబ్బు తీసుకుని ఒంటరిగా బండెక్కిన యాభై ఏళ్ల మగవాడు, రాయలసీమ ఊళ్లలో దృష్టి మళ్లించే దొంగలు మొదట వెతికే మనిషి. “అన్నా, మీ నోట్లు పడిపోయినాయి” అంటాడు ఒకడు. కింద పది రూపాయల కాగితాలు నాలుగు కనబడతాయి. వంగి ఏరుకునేలోపు బండికి తగిలించిన సంచి రెండోవాడి చేతిలో ఉంటుంది. చొక్కా మీద ఏదో పడిందని చెప్పడం దీనికే ఇంకో రూపం. ఆ మనిషికి కూతురికి చెప్పినన్ని జాగ్రత్తలు ఎవరూ చెప్పి ఉండరు. మగవాడు కదా, ఏమవుతుంది అనుకుంటారు. రైల్లో మత్తుమందు కలిపిన బిస్కెట్టు తిని స్టేషను దాటిపోయి లేచేవాళ్లలోనూ మగవాళ్లు తక్కువేం కాదు.

ఇక జాగ్రత్తగా ఉండటం అంటే ఏమిటి అన్న ప్రశ్న. ఆత్మరక్షణ పుస్తకాల్లో జెఫ్ కూపర్ అనే అమెరికన్ సైనికాధికారి రంగుల లెక్క ఒకటి తరచు కనబడుతుంది: తెలుపు అంటే పరధ్యానం, పసుపు అంటే తేలికపాటి ఎరుక, నారింజ అంటే ఫలానా మనిషి మీద అనుమానం, ఎరుపు అంటే ఇక కదలాల్సిన క్షణం. తుపాకులవాళ్ల కోసం పుట్టిన ఈ లెక్కలో మనకు పనికొచ్చేది పసుపు ఒక్కటే. రోజంతా నారింజలో బతికేవాళ్లు అలిసిపోతారు, అలిసిపోయినవాళ్లకు ఏదీ కనబడదు.

పరధ్యానం ఎంత లోతుగా ఉంటుందో చూపించిన ప్రయోగం ఒకటి నాకు బాగా నచ్చింది. అమెరికాలో వెస్టర్న్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఐరా హైమన్ బృందం ఆవరణలో ఒంటి చక్రం సైకిలు మీద బఫూన్‌ను తిప్పింది. దాటిపోయినవాళ్లను ఆపి, బఫూన్ కనిపించాడా అని అడిగారు. ఫోన్‌లో మాట్లాడుతూ నడిచినవాళ్లలో నాలుగో వంతు మందికే కనిపించాడు. ఒంటరిగా, చేతిలో ఏమీ లేకుండా నడిచినవాళ్లలో సగం మందికి. చెవుల్లో పాటలు వింటున్నవాళ్లు వాళ్లకంటే తీసిపోలేదు. జంటగా నడిచినవాళ్లు అందరికంటే ఎక్కువ చూశారు. 2010లో అచ్చయిన ఈ ఫలితాన్ని మన ఇళ్లలో చెప్పే మాటతో పోల్చండి. భయమేస్తే ఫోన్‌లో మాట్లాడుతూ నడువు అంటాం. దానివల్ల ఒక మేలుంది: ఎదుటివాడికి ఈ పిల్ల వెనక ఎవరో ఉన్నారని తెలుస్తుంది. కానీ ఆ పిల్లకు మాత్రం ముందేముందో కనబడదు. నేనైతే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడకుండా నడవమంటాను, లేదా ఆటో ఎక్కేటప్పుడు డ్రైవరుకు వినబడేలా నంబరు ఇంటికి చదివి చెప్పి పెట్టేయమంటాను.

జనం తక్కువైనచోట గండం గురించి ఇంత చెప్పుకున్నాం. తిరుపతిని నిలువునా కలచివేసింది రెండో కొస. 2025 జనవరి 10 వైకుంఠ ఏకాదశి. మూడు రోజుల దర్శనానికి 1.2 లక్షల టోకెన్లు 9వ తేదీ తెల్లవారి 5 గంటల నుంచి నగరంలో కౌంటర్ల దగ్గర ఇస్తామని ప్రకటించారు. జనం 8వ తేదీనే చేరారు. బైరాగిపట్టెడ కేంద్రం దగ్గర వాళ్లను పద్మావతి పార్కులో ఉంచారు. రాత్రి, ఒక మహిళకు బాగాలేదని బయటికి తీసుకురావడానికి గేటు తీశారు. లోపలున్నవాళ్లు టోకెన్లకే వదులుతున్నారనుకుని ఒక్కసారిగా తోసుకొచ్చారు. ఆ రాత్రి ఆరుగురు చనిపోయారు, దాదాపు నలభై మంది గాయపడ్డారు. ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి సత్యనారాయణమూర్తితో న్యాయ విచారణ వేయించింది.

తొక్కిసలాట అన్న మాట వినగానే కాళ్ల కింద పడి నలిగారని ఊహిస్తాం. ఇటువంటి చోట్ల చాలామంది నిలబడే చనిపోతారు. రొమ్ము విప్పారడానికి చోటు లేక ఊపిరాడదు. చదరపు మీటరుకు నలుగురైదుగురు దాటితే నడక మన చేతిలో ఉండదు. ఆరేడుగురైతే జనం నీళ్లలా అలలుగా కదులుతారు, ఎవరు ఎటు పోతారో వాళ్లకే తెలియదు. 2022 అక్టోబరు 29న దక్షిణ కొరియా సియోల్‌లో ఇటేవాన్ సందులో 159 మంది అలాగే పోయారు. అక్కడి పోలీసులకు మూడున్నర గంటల ముందు నుంచే ఫోన్లు వచ్చాయి. అంటే, జాగ్రత్తగా ఉన్న మనిషికి గండం ముందే తెలిసింది. చెప్పింది కూడా. వినేవాళ్లు లేకపోయారు.

జనంలో ఇరుక్కున్న ఒంటరి మనిషికి చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. ముందూ వెనకా రెండు పక్కలా ఒళ్లు తగులుతోందంటే అప్పుడే పక్కకు జరుగుతూ బయటపడాలి. ఇంకాసేపు చూద్దాం అనుకుంటే ఆ తర్వాత జరగలేరు. రెండు చేతులూ మడిచి రొమ్ము ముందు పెట్టుకుంటే ఊపిరికి అంత చోటు మిగులుతుంది. అలను ఎదిరించకుండా దానితోపాటు కదులుతూ, అది తగ్గినప్పుడు ఐమూలగా పక్కకు జరగాలి. గోడ, గేటు, ఇనుప కమ్మీల దరిదాపుల్లో ఉండకూడదు. చెప్పు ఊడినా, సంచి పడినా వంగకూడదు. ఇవన్నీ నిజమే. అయినా బైరాగిపట్టెడలో ఆ ఆరుగురికి ఇవి తెలిసి ఉంటే బతికేవాళ్లా అని అడిగితే నా దగ్గర ధైర్యంగా చెప్పే జవాబు లేదు. 2025లోనే డిసెంబరు 30న మళ్లీ వైకుంఠ ఏకాదశి వచ్చింది. ఈసారి మొదటి మూడు రోజుల టోకెన్లను ఆన్‌లైన్ లాటరీ పద్ధతిలో ఇచ్చారు. రాత్రంతా జనాన్ని పార్కులో నిలబెట్టే అవసరమే పోయింది. వందమంది జాగ్రత్తపరులు చేయలేని పని ఒక పద్ధతి మార్పు చేస్తుంది.

తిరుమల నడకదారిలో పంచిన చేతికర్ర కథా అంతే. 2023 జూన్‌లో అలిపిరి నడకదారిలో చిరుతపులి ఒక పసివాణ్ణి నోట కరుచుకుపోయింది, పిల్లాడు బతికాడు. ఆగస్టు 11 రాత్రి ఆరేళ్ల పాపను లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర చంపేసింది. దేవస్థానం సెప్టెంబరులో నడిచేవాళ్లకు చేతికర్రలు పంచింది. ఊళ్లో నవ్వుకున్నారు, కర్ర చూసి పులి పారిపోతుందా అని. కర్రతోపాటు వచ్చిన మిగతా నియమాలను పట్టించుకోలేదు. మధ్యాహ్నం రెండు దాటితే పిల్లలను నడకదారిలోకి వదలకపోవడం, భక్తులను గుంపులుగా పంపడం, ముందూ వెనకా సిబ్బందిని పెట్టడం. పులి లెక్క కూడా మనుషుల లెక్కే: గుంపు నుంచి నాలుగడుగులు ముందుకు పరుగెత్తిన పిల్లనే అది చూస్తుంది. 3,550 మెట్ల దారిలో పిల్లను చేయి పట్టుకుని నడిపించడం కష్టమే; అయినా ఏడో మైలు దాటాక మాత్రం వదలకూడదు.

చుట్టూ జనం ఉంటే చాలు, క్షేమమే అని కూడా అనుకోకండి. 2023 అక్టోబరులో తిరుపతి బస్టాండులో అర్ధరాత్రి దాటాక, చెన్నై బస్సు కోసం కాచుకుని నిద్రపోయిన కుటుంబం పక్కనుంచి రెండేళ్ల పిల్లాణ్ణి ఎత్తుకుపోయారు. ప్లాట్‌ఫారం నిండా మనుషులే. అందరూ నిద్రలో ఉన్నారు, మేలుకున్నవాళ్లకు ఆ పిల్లాడు ఎవరి బిడ్డో తెలియదు. సీసీ కెమెరా చిత్రం బయటికి రావడంతో అదే రోజు ఏర్పేడు మండలంలో పిల్లాడు దొరికాడు. కెమెరా ఉపయోగం అదే: జరిగాక వెతకడానికి. జరగకుండా చూడటానికి మేలుకున్న మనిషే కావాలి. పక్కవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడి, ఊరూ పేరూ చెప్పుకుని పడుకునే మన పాత అలవాటు ఇందుకు పనికొస్తుంది. తెలియనివాళ్లతో మాట్లాడొద్దన్న సలహా ఇక్కడ పూర్తిగా తిరగబడింది.

మిగిలింది ఫోన్ సంగతి. శంషాబాద్ ఘటన రాత్రి ఆ పశువైద్యురాలు చెల్లెలికి ఫోన్ చేసి భయమేస్తోందని చెప్పింది. చెల్లెలికి బదులు 100కి చేసి ఉండాల్సిందని అప్పటి తెలంగాణ హోంమంత్రి అన్నారు, జనం మండిపడ్డారు. మండిపడాల్సిందే. కనబడలేదని ఆ రాత్రి ఇంటివాళ్లు పోలీసు స్టేషనుకు పోతే, మా పరిధి కాదని తిప్పారు. దానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. మనిషి భయపడిన క్షణాన తన మాట నమ్మేవాళ్లకే ఫోన్ చేస్తుంది. పోలీసులు నమ్ముతారన్న నమ్మకం కలిగించడం పోలీసుల పని. ఆ ఘటన తర్వాతే ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల భద్రత కోసం దిశ బిల్లు, 2020 ఫిబ్రవరిలో దిశ పోలీసు స్టేషను, దిశ యాప్ వచ్చాయి. ప్రభుత్వం మారాక 2025 మార్చి 8న శక్తి యాప్ వచ్చింది. పాతది ఫోన్‌లో పెట్టుకున్నవాళ్లు కొత్తది పెట్టుకున్నారా అంటే, నేను అడిగినవాళ్లలో ఎక్కువమంది తల అడ్డంగా ఊపారు. ప్రభుత్వంతోపాటు పేరు మారే యాప్ కంటే మారని నంబరు మేలు. 112 దేశమంతటా ఒకటే. 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లలో అత్యవసర మీట ఉండాలని నిబంధన. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ వరుసగా మూడుసార్లు నొక్కితే 112కి పోవాలి. కంపెనీని బట్టి కొన్నిటిలో ఐదుసార్లు. మీ ఫోన్‌లో ఎన్నిసార్లో సెట్టింగుల్లో చూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. పరిధి సాకు కూడా ఇప్పుడు చెల్లదు: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి.

ముంబయి ఆడవాళ్ల మీద 2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే రాసిన ‘వై లాయిటర్’ పుస్తకం ఈ చర్చను ఇంకో వైపు తిప్పింది. ఆడవాళ్లు ఎప్పుడూ ఏదో పని మీద పోతున్నట్టే కనబడాలా, ఊరికే వీధిలో నిలబడకూడదా అని అడిగింది. మొదట చదివినప్పుడు ఇది పెద్ద నగరాల ముచ్చట అనిపిస్తుంది. కానీ ఆలోచిస్తే లెక్క సరిపోతుంది: భయంతో పది మంది ఆడవాళ్లు ఇంట్లో ఉండిపోతే, బయటికి రాక తప్పని పదకొండో ఆమె ఒంటరి అవుతుంది. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో ఆడవాళ్లకు మొదలైన ఉచిత బస్సు ప్రయాణాన్ని ఖర్చు కోణంలోనే తిట్టేవాళ్లు, మెచ్చేవాళ్లు ఉన్నారు. పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్లు ఎక్కువైతే, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే నర్సు ఆ బస్సులో ఒక్కతే ఉండదు. భద్రత లెక్కలో దీన్ని ఎవరూ వేయడం లేదు. రాష్ట్రం దాటే బస్సులకు ఇది వర్తించదు కాబట్టి చిత్తూరు–వేలూరు దారిలో పరిస్థితి పాతదే.

ఆపదలో అరిస్తే ఎవరైనా వస్తారా అన్న అనుమానం చాలామందిలో ఉంది. 1964లో న్యూయార్కులో ఒక యువతిని పొడుస్తుంటే ముప్పై ఎనిమిది మంది చూస్తూ ఊరుకున్నారని పాఠ్యపుస్తకాల్లోకెక్కిన కథ దీనికి మూలం. ఆ అంకె అప్పటి పత్రిక పెంచి రాసిందని తర్వాత తేలింది. రిచర్డ్ ఫిల్‌పాట్ బృందం ఇంగ్లండు, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా నగరాల వీధి కెమెరాల్లో దొరికిన 219 గొడవలను చూసింది. పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒక్కరైనా అడ్డుపడ్డారు. చుట్టూ ఎంతమంది ఉంటే ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం అంత పెరిగింది. కాబట్టి మొహమాటపడకుండా అరవండి. “ఎవరైనా రండి” అనకుండా ఒకరిని చూపించి, “ఎర్ర చొక్కా అన్నా, నువ్వు రా” అని పిలవండి.

ఆ అన్న అక్కడ ఉండాలంటే అక్కడ ఒక కొట్టు తెరిచి ఉండాలి. శాంతిభద్రతల పేరుతో రాత్రి పదిన్నర, పదకొండుకు విజిలేసి టీ బండ్లు, టిఫిను బండ్లు మూయించడం మన ఊళ్లలో మామూలైంది. తిరుపతి బస్టాండు, రైల్వే స్టేషను నుంచి అలిపిరి దాకా, చిత్తూరు బస్టాండు చుట్టూ అన్నా ఆ పని మానుకోవాలని రెండు జిల్లాల పోలీసు అధికారులను, నగరపాలక సంస్థలను కోరుతున్నాను. ఆ బండ్లవాళ్లకు లైసెన్సు ఇవ్వండి, కరెంటు ఇవ్వండి, బీటు కానిస్టేబులు ఫోన్ నంబరు బండి మీద పెద్ద అక్షరాలతో రాయించండి, తెల్లవారేదాకా పొయ్యి వెలిగించుకోనివ్వండి.